ఒక చెప్పు బీరువాలో ఉంది

పాస్టరుగారికి,

వందనాలు. ఫోన్ చేస్తే మీరు ప్రార్థన చేసి పెట్టేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం పక్కింటావిడ చేతికిచ్చి పంపుతున్నాను.

మా ఆయన తాగినన్నాళ్లూ సంఘమంతా మా ముందుగదిలో మోకరించింది. ఆయన మానేశారు. మొన్న ఆదివారం మీరు ఆయన్ని నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. సాతాను ఓడిపోయాడని అందరూ చప్పట్లు కొట్టారు. అంతే, ఆ తర్వాత మా గడప తొక్కిన విశ్వాసి లేడు.

ఓడిపోయిన సంగతి ఆ సాతానుకి ఎవరూ చెప్పలేదేమో అయ్యా. ఈయన వెల్డింగ్ షాపు మూసి ఇంటికొచ్చే వేళకి రోజూ వాడూ వస్తున్నాడు. ఈయన మెట్ల మీద కూర్చుని కాళ్లూపుతుంటారు. కూరలో ఉప్పు లేదంటారు, పిల్లలు గట్టిగా చదువుతున్నారంటారు. నేను బైబిలు తెరిస్తే విసుక్కుంటారు. తాగినప్పుడే నయమని నా నోటితో అనిపించకండి.

వచ్చే ఆదివారం మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారట. వద్దు. దానికి బదులు సాయంత్రాలు ఎవరో ఒకరు వచ్చి ఆయన పక్కన కూర్చోండి. ప్రార్థన కూడా అక్కర్లేదు, క్యారమ్స్ ఆడినా చాలు.

ఇది రాస్తుంటే ఆయన చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒకటి నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఉత్త కాళ్లతోనైనా వెళ్లొచ్చన్న సంగతి ఆయనకి తట్టేలోపు రండి.