లచ్చవ్వ వదిన బూట్లు

సమ్మన్నా, బాగున్నావా? నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. ఇక్కడ నా బుర్రే బాగాలేదు.

పత్తి మిల్లులో దూదిని అదిమి బేళ్లుగా కట్టే మన షెడ్డుకు నీ తర్వాత నన్నే మేస్త్రీని చేశారు. నీ పని, నీ తిట్లు అన్నీ నాకొచ్చాయి. తిట్లు మాత్రం నీ అంత బాగా కుదరడం లేదు.

ఆ రోజు బేలుకు కట్టే ఇనుప పట్టీ కొన అరికాల్లో దిగితే, పసుపు అద్దుకుని మళ్లీ పనిలోకి వచ్చేశావు. నేనైనా నిన్ను అప్పుడే దవాఖానాకు ఎందుకు లాక్కుపోలేదు? ఎనిమిదో రోజుకు ధనుర్వాతం అన్నారు...

నువ్వు పోయాక మిల్లువాళ్లు అందరికీ బూట్లు ఇచ్చారు. వేసుకోనివాళ్లను లోపలికి రానివ్వొద్దని నాకు ఆర్డరు. మనవాళ్లు వింటేనా? గడప బయట విప్పేసి, మిషనుకు దండం పెట్టి, ఉత్త కాళ్లతో లోపలికి వస్తారు. గట్టిగా అడిగితే నీ మాటే నా మొహాన కొడతారు. "అన్నం బెట్టే జాగకు చెప్పులేసుకొని పోతమారా?" అనేవాడివి కదా రోజూ. నేనూ నీ వెనకాల ఇన్నేళ్లు విప్పినవాణ్నే. మరి ఏది పాపం అన్నా? బూట్లతో లోపలికి పోవడమా, ఇంకొకరు నీలా పోవడమా?

పైగా ఆ బూట్లన్నీ ఒకటే సైజు. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేక వెడల్పయిన పాదాలు మనవి, అందరికీ బొబ్బలెక్కాయి. అవి తిప్పి పంపి, కొలతలు తీద్దామని పాత పేపర్లు పరిచాను. నా తెలివి చూడు... కాగితమంటే సరస్వతి, కాలెలా పెడతామని ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి సాయంత్రం పూట, కాళ్లు కాస్త వాచి ఉన్నప్పుడు, గచ్చు మీద సుద్దతో గీసి దారంతో కొలిచాను. మట్టెవాడలో చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కొత్తవి కుట్టించాను. వేళ్ల దగ్గర వెడల్పు, మేకు దిగనంత మందం అడుగు.

అయినా ఎవరూ తొడుక్కోలేదు, అందరి చూపూ లచ్చవ్వ వదిన మీదే. నీ బదులు ఆమెకు పనిచ్చారు. నీకు పట్టీ దిగిన చోటే, ఉత్త కాళ్లతో పత్తి ఊడుస్తుంది. నువ్వు వేసుకోనివి తనకెందుకంది. నీ ఇంట్లో కూడు తిన్నవాణ్ని, ఆమెను గేటు బయట ఎలా నిలబెట్టను?

మొన్న సోమవారం ఒక పని చేశాను. తప్పో ఒప్పో తెలియడం లేదు. షెడ్డులో ఎవరూ ఉత్త కాళ్లతో తిరగొద్దని, ఆఖరి రోజు దవాఖానాలో నువ్వు నాతో చెప్పావని వదినతో అన్నాను.

అబద్ధమే అన్నా. ఆ రోజు నీ దవడలు బిగుసుకుపోయి ఒక్క మాటా రాలేదు. పళ్ల సందున చెంచాతో నీళ్లు పోసింది వదినే. పొద్దుగూకేదాకా నీ పక్కనుంచి లేవలేదు. నోరు జారాక గానీ నాకా సంగతి గుర్తు రాలేదు...

వదిన చాలాసేపు నా మొహమే చూసింది. గోడ పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంది. లేసులు కట్టడం రాకపోతే నేనే వంగి కట్టాను. ఆమె వెనకాల ఒక్కొక్కరే తొడుక్కున్నారు.

నన్ను క్షమించిందంటావా? లేక నువ్వే ఆ మాట అని ఉంటే బాగుండుననుకుందా?

నీ పేరు మీద ఇంకెప్పుడూ అబద్ధం ఆడను. ఈ ఒక్కటి మాత్రం వెనక్కి తీసుకోను.

నీ తమ్ముడిలాంటి
కొమురయ్య