సిగ్నల్ కొండ మీద వేలిముద్ర

ఆదివారం, రాత్రి

ఇవాళ అమ్మని ఎరగనట్టు నిలబడ్డాను.

మా ఊళ్లో సిగ్నల్ లేదని డీలరు రేషన్ మిషన్‌ని టూరిస్టులొచ్చే కొండ మీదికి తెస్తాడు. అమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి, నా వేలే పెట్టాలి. ఈ నెలకి ఇవాళే ఆఖరు. వరుసలో ఉండగా కాన్వెంట్‌లో నాతో చదివిన మెర్సీ కారు దిగింది.

"నువ్వూ చూడ్డానికొచ్చావా?"

అవునన్నాను. ఆమెతో వెళ్లి ఫొటోలు కూడా దిగాను.

వెనక డీలరు అడిగాడు, "నీ కూతురేదమ్మా?"

"రాలేదు బాబూ," అంది అమ్మ, నా వైపు చూడకుండా.

నేను తిరిగొచ్చేసరికి మిషన్ కట్టేశారు. అమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. ఇంటికొచ్చి, అడుగున మిగిలిన బియ్యం చేటలో పోస్తూ అంది, "నీతో ఫొటోలు దిగిన ఆ గుంటని అన్నానికి తీసుకురాకపోయావేటి?"