హీటర్ వేయమన్నాను

ఫిబ్రవరి 25, ఆదివారం

ఆయనకి కారు పిచ్చి పట్టింది. మామూలు కారు కాదు. జపాన్‌ది, స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్. లిఫ్టులు రిపేరు చేసి చేసి విసుగొచ్చిందట. పైకీ కిందికీ తప్ప ఇంకో దారి లేని బతుకైపోయిందట. శని, ఆదివారాలైనా మలుపులు తిరగాలట. నెలకోసారి రేసు ట్రాక్ మీద కూడా నడుపుతారట.

ఈరోజు రెండు చూశాం. పేర్లన్నీ అక్షరాలూ అంకెలూ, నాకు గుర్తుండవు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఆయన బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు విన్నారు. కొడుకుని ఒంటరిగా పంపితే ఎవడో టోపీ పెడతాడని అత్తయ్య కూడా వచ్చారు. మోకాళ్ల నొప్పులు కాబట్టి ముందు సీటు అత్తయ్యది. ఈ కార్లలో వెనక సీటు పేరుకే, సంచులు పెట్టుకోవడానికి. అందులో నన్ను మడతపెట్టి పెట్టారు.

ఫిబ్రవరి 26

మెడ పట్టేసింది.

ఫిబ్రవరి 29, గురువారం

లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. నాకు ముందు సీటు కావాలి. ట్రాక్ మీద, ఆయన పక్కన. పెళ్లయి ఏడాదిన్నర అయినా ఏ కారులోనూ ముందు సీట్లో ఒక్కసారి కూర్చోలేదు. అడిగితే ఏం పోతుందే అంటుంది పక్క టేబుల్ అక్క. అడగాలంటే నోరు తెరవాలి. ఐదో తరగతిలో టీచరు నా పేరు అడిగితే ఏడ్చేసినదాన్ని. ఆ ఏడాదితోనే బడి కూడా మానేశాను.

మార్చి 3, ఆదివారం, సాయంత్రం 4 గంటలు

పసుపు రంగు కూపే, రెండే తలుపులు. ఆయన చూడగానే మనసు పారేసుకున్నారు. టర్బో, మాన్యువల్ గేరు, ఎక్కడా గీత లేదు. అమ్మేవాడు కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకున్నాడు. రిటైరైన టీచరమ్మ ఆదివారాలు మాత్రమే నడిపిన బండట. టీచరమ్మకి టర్బో ఎందుకయ్యా అన్నారు అత్తయ్య. క్లాసుకి లేటవకుండా అండీ అన్నాడు. ఆదివారం క్లాసేమిటన్నారు అత్తయ్య. వాడికి దగ్గొచ్చింది.

మళ్లీ నేను వెనక. ముక్కుకీ కార్పెట్‌కీ జానెడు దూరం. సెంటు వాసన గుప్పుమంది. దాని కింద ఇంకో వాసన. అది నాకు తెలుసు. పోయిన వానల్లో వరదకి తడిసిన బట్టలు మా లాండ్రీకి వచ్చాయి. మూడుసార్లు ఉతికితే బాగానే అనిపించాయి. ఇస్త్రీ పెట్టె తగలగానే బురద వాసన లేచింది.

ముందు సీట్లో బేరం కుదిరిపోతోంది. అమ్మేవాడు కిటికీలోంచి చెయ్యి చాపాడు. నేను ఆయన చొక్కా లాగాను. వాంతి వస్తోందా అన్నారు. కాదని తల ఊపి మళ్లీ లాగాను. చొక్కా చిరుగుతుందే అన్నారు.

హీటర్ వేయండి అన్నాను.

బయట మండే ఎండ. అమ్మాయికి జ్వరమేమోరా అన్నారు అత్తయ్య. అద్దాలు కూడా ఎత్తేయండి అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. బయటినుంచి అమ్మేవాడు హీటర్ పనిచేయదని అరిచాడు. ఆయన తిప్పారు. భేషుగ్గా పనిచేసింది.

రెండు నిమిషాల్లో కారు మురుగు కాలవైపోయింది. ఆయన బయటికి దూకేశారు. ఆయన వైపు సీటు ముందుకి వంగదు, లివర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేను దిగాలంటే ముందు అత్తయ్య దిగాలి. అత్తయ్యేమో నేలకి అంత దగ్గరగా కూర్చుని లేవలేకపోయారు. ఒరేయ్ నన్ను లాగరా అని కేకలు. ఆయనో చెయ్యి, అమ్మేవాడో చెయ్యి పట్టుకున్నారు. వెనకనుంచి నేను తోశాను.

కార్పెట్ ఎత్తితే బోల్టుల చుట్టూ ఎండిన బురద. మీ టీచరమ్మ చెరువులో పాఠాలు చెప్పేదా అన్నారు అత్తయ్య. ఇంక జన్మలో ఇలాంటి నేలబారు బండి ఎక్కనని కూడా అన్నారు.

మార్చి 5

లిఫ్టు కంపెనీలో ఇద్దరు వచ్చే ఆదివారానికి నన్ను పంపమని అడిగారట. వాళ్లూ కార్లు కొంటున్నారట. కుదరదు, మాకే పని ఉందన్నారట ఆయన.

మార్చి 10, ఆదివారం

చూడాల్సినవి ఇంకా రెండు మిగిలాయి. వెండి రంగుది నాలుగు సీట్లు, నీలం రంగుది రెండే. రెండింటికీ హీటర్ వేశాం. రెండూ మంచివే. ఆయన అటూ ఇటూ అరగంట తిరిగారు. వెనక సీటుంటే పనికొస్తుంది కదా అన్నారు.

ఎవరికి అన్నాను.

నేను వెనక కూర్చోను, ముందే కూర్చుంటాను, ట్రాక్ మీద కూడా అన్నాను. ఆయన నవ్వలేదు. నీలం కారు తలుపు తీసి పట్టుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య అలిగారు. ఎక్కనన్నావు కదమ్మా అన్నారు ఆయన. ఎక్కనన్నాను గానీ సీటు వద్దన్నానా అన్నారు అత్తయ్య.

ఏప్రిల్ 7, ఆదివారం

ట్రాక్. నేను ముందు సీట్లో. అత్తయ్య బస్సులో వచ్చి గ్యాలరీలో కూర్చున్నారు.

మూడో మలుపులో నేను అరిచాను. భయపడ్డాననుకుని ఆయన బ్రేకు వేశారు. నేను అరిచింది ఇంకా తొక్కండి అని, ఆయనకి హెల్మెట్‌లో వినపడలేదట.

గ్యాలరీలో అత్తయ్యకి వినపడింది. ఆవిడా లేచి నిలబడి, తొక్కరా అని అరిచారట.