ముత్తమ్మ చేతులు

సుగుణక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఈ రోజే భద్రాచలం నుంచి జీపులో మన బడికి కంప్యూటర్ వచ్చింది. నువ్వుంటే పిల్లలకంటే ముందు నువ్వే దాని ఎదుట కూర్చునేదానివి.

ఇది టీవీలాగే కనిపిస్తుంది కానీ మనం చెప్పినట్టు వింటుందని పిల్లలకు చెప్పాను. ఒక్కొక్కరినీ పిలిచి ఎవరి పేరు వాళ్లచేత కొట్టించాను. తెర మీద పేరు కనపడగానే అందరూ చప్పట్లు కొట్టారు.

అడవి గూడెం నుంచి నువ్వు చెయ్యి పట్టుకుని తెచ్చి బడిలో చేర్చావే, ఆ ముత్తమ్మ వంతు వచ్చింది.

"చేతులు కడుక్కున్నవా?" అన్నాను.

ముత్తమ్మ రెండు అరచేతులూ చాపి, తిప్పి వెనకవైపు కూడా చూపించింది. శుభ్రంగానే ఉన్నాయి. అంతవరకూ వచ్చిన పిల్లల్లో ఒక్కరినైనా నేను ఆ మాట అడగలేదని అప్పుడు తెలిసింది.

"మంచిగున్నయి. ఇగ కొట్టు, బిడ్డా" అన్నాను.

ముత్తమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మీరే కొట్టుండ్రి టీచర్. నేను చూస్త."

ఎంత బతిమాలినా ముట్టుకోలేదు. చివరికి తన పేరు నేనే కొట్టాను. ఒక్కో అక్షరం చదువుకుని, నాకు థాంక్స్ చెప్పి వెళ్లి కూర్చుంది, అక్కా.