పదమూడంగుళాల చక్రాలు

చాట్స్‌వర్త్, డర్బన్
2004 మే 12, బుధవారం

ధనపాల్‌కి,

నీ సలోచన రాస్తున్నది. ఇక్కడ నేనూ లుషెనూ క్షేమం. ఉత్తరం ఎత్తుకోగానే ఈ మాట ఉండాలని మా అయ్య నేర్పాడు కాబట్టి రాశాను. ఎంత క్షేమమో చదివాక నువ్వే తేల్చుకో. నీ దగ్గుకు పంపిన సీసా అందిందా? అందకపోతే జాంబియా సరిహద్దులో ఎవడికో దగ్గు తగ్గి ఉంటుంది.

నీ ఉత్తరం చేరడానికి పదిహేడు రోజులు పట్టింది. మూడుసార్లు చదివాను. అడిగినవాటికి జవాబు చెప్తాను. కారు షెడ్డు రేకు కారడం ఆగింది, పక్కింటి డాలీ ఆంటీ అల్లుడు వచ్చి తారు పూశాడు. పూసినంతసేపూ ఆవిడ కింద నిలబడి, "మొగుడు రాగి గనిలో రేకులు అతుకుతాడు, ఇక్కడ సొంతింటి రేకు కారుతుంది. ఇదేం వెల్డరమ్మా!" అని వీధంతా వినేలా అరిచింది. నవ్వు రావలసిన చోటని తెలిసింది కానీ రాలేదు. నీ పనిముట్ల పెట్టె అమ్మలేదు. గొలుసు కప్పీ ఆ దూలానికే వేలాడుతోంది, అక్టోబరు సెలవులో నువ్వూ వాడూ ఇంజిన్ ఎత్తిన చోటే.

లుషెన్ కాలు సంగతి. మోకాలి కింద కుట్లు మానాయి. కొత్త కాలికి వచ్చే నెల కొలత తీస్తారట. ఆసుపత్రి మెట్ల దగ్గర చక్రాల కుర్చీకి వాలుదారి లేదు. నలుగురు కూలీల్ని బతిమాలితే ఎత్తి పెట్టారు. అందరికీ ఓటు వచ్చి పదేళ్ళయిందని నగరమంతా జెండాలు కట్టారు. ఆ జెండాల కర్రలతో రెండు వాలుదారులు కట్టొచ్చు. ఇది రాస్తుండగా చేయి ఆగింది. వ్యాసం రాయడం నాకు చాతనవుతుంది. ఉత్తరం రాయడమే కావడం లేదు.

నేను ఏడవడం లేదు, నువ్వు అడిగావు కనుక చెప్తున్నాను. చిక్కుడుగింజల కూర వండితే ఉప్పు వేశానో లేదో తెలియడం లేదు. నిన్న రెండుసార్లు వేశానట. లుషెన్ పళ్ళెం ఖాళీ చేసి, చివర్లో, "అమ్మా, సముద్రం ఇంత దగ్గర్లో ఉందని తెలీదు," అన్నాడు. వాడింకా హాస్యమాడుతున్నాడు. ఇంట్లో ఆ ఒక్క చప్పుడే.

ఇక నువ్వు గీత గీసి మరీ రాసిన మాట. "పెద్ద బ్రేకులు పెట్టెలో పెట్టి, చేతిలో చేయి వేయించుకుని వచ్చాను. ఎందుకు వేయలేదు? మాట వినని కొడుకుతో నాకు మాటల్లేవు. వాడికి ఫోన్ ఇవ్వకు. జూన్‌లో రాను, గని పనికి ఇంకో రెండేళ్ళకు సంతకం పెడతాను."

ఐదు నెలలుగా నువ్వు ఫోన్‌లో నాతోనే మాట్లాడి పెట్టేస్తున్నావు. వాడు పక్క గదిలో టీవీ శబ్దం తగ్గిస్తాడు. నీకు తెలియదు కనుక చెప్తున్నాను.

ఈ ఐదు నెలల్లో మన వారపత్రికలో నేను రాసినవన్నీ నీకు కోసి పంపాను. తెల్లవాళ్ళ ప్రభుత్వం మనల్ని సముద్రం ఒడ్డు నుంచి పెకిలించి ఈ కొండల మీద పారేసినప్పుడు మనం నడుస్తామనుకుంది, కార్లు కొంటామనుకోలేదు. అందుకే వాడి కారు గుద్దుకున్న ఆ కొండ రోడ్డు గోడ మీద నిచ్చెన వేసినట్టుంటుంది. ఇప్పుడున్న నగరపాలకులు దానికి ఒక కంచె కూడా వేయలేదు. మన కుర్రాళ్ళకు ఆడుకోను మైదానం లేదు, పరుగు తీయను ట్రాక్ లేదు, పనీ లేదు. ఇదంతా నిజం. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ ఇన్ని నిజాలూ నేను దేని ముందు అడ్డం పెట్టానో ఇప్పుడు చెప్తాను.

ఆ ఇంజిన్ నాకు నచ్చింది, ధనపాల్. జపాన్ నుంచి సగానికి కోసి తెచ్చిన కారు ముందు భాగాన్ని నువ్వు షెడ్డులోకి దింపినప్పుడు తిట్టాను. నా చిన్న కారులో దాని ఇంజిన్ పట్టించడానికి నువ్వు పట్టీలు కోసి అతికిస్తుంటే ఇంకా తిట్టాను. నువ్వు వెళ్ళిన మర్నాడు కుట్టు ఫ్యాక్టరీకి నలుగురు ఆడవాళ్ళను ఎక్కించుకుని అదే కొండ ఎక్కాను. పాతదైతే సగంలో మొదటి గేరుకు దిగి మూలిగేది. ఇది మూడో గేరులో అలా లేచిపోయింది. వెనక సీట్లో సిబొంగిలె సీటు పట్టుకుని, "సిసీ! అక్కా! కారు ముందు పోతోంది, నా ప్రాణం బస్టాపులోనే ఉంది!" అని అరిచింది. యూనియన్ మీటింగుల్లో యజమానుల మీద అరిచినప్పుడు కూడా నాకంత బలం అనిపించలేదు. వెనక మూత మీద పాత ఇంజిన్ సైజు, 1.3 అనే బిళ్ళ, అలాగే ఉంది. చూసేవాడికి అది సలోచన ముసలి కారు. ఆ దొంగతనం కూడా నచ్చింది.

నవంబరులో స్కూలు పిల్లను రేసు కారు గుద్దింది, గుర్తుందా? చేయి విరిగి బతికింది. కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. నేను మైకు తీసుకున్నాను. ఆ వారం పత్రికలోనూ అదే రాశాను. "చిన్న కారులో పెద్ద ఇంజిన్ దాచుకున్నవాణ్ణి ఎలా పట్టాలి? చక్రాలు చూడండి. పెద్ద వెడల్పు చక్రాలు కనబడితే వాడే. నంబరు రాసి నాకివ్వండి." చప్పట్లు మోగాయి. నంబర్లు నిజంగానే తెచ్చిచ్చారు.

తర్వాతి శనివారం పొద్దున లుషెన్ షెడ్డులోంచి కారు బయటకు తీశాడు. నువ్వు పెట్టెలో పెట్టి వెళ్ళిన బ్రేకులు వేశాడు. అవి పాత పదమూడంగుళాల చక్రాల్లో పట్టవు కదా, పదిహేనంగుళాలవి పాతవి ఎక్కడో వెతికి తెచ్చి బిగించాడు. నీకిచ్చిన మాట వాడు నిలబెట్టుకున్నాడు. ఎవరూ చెప్పని సంగతి ఇదే. చెప్పవలసింది నేను.

గేటు అవతల డాలీ ఆంటీ నీళ్ళ పైపు పట్టుకుని ఆ చక్రాల వంకే చూస్తోంది. "ఏం సలోచనా, నంబరు రాసి ఎవరికివ్వాలి?" అంది. నవ్వుతూనే అంది.

నేను లోపలికి వచ్చి వాణ్ణి పిలిచాను. "విప్పెయ్. సాయంత్రానికి పాత చక్రాలు కనబడాలి."

"పాత చక్రంలో ఈ బ్రేకు పట్టదమ్మా."

"అయితే పాత బ్రేకే వెయ్యి. తొమ్మిదేళ్ళు ఆపింది, ఇప్పుడు ఆపదా?"

"అది పాత ఇంజిన్‌ను ఆపిందమ్మా. దీన్ని కొండ కింద ఆపలేదు. నాన్న ఒట్టేయించుకున్నాడు."

"నాన్న జాంబియాలో ఉన్నాడు. హాల్లో నిలబడేది నేను. మెల్లగా నడుపు, అంతే."

వాడు నా మొహంలోకి చూశాడు. "సరే, విప్పేస్తాను. నీ మీటింగులయ్యాక మళ్ళీ మారుద్దాంలే," అన్నాడు, నేనేదో చొక్కా మార్చుకోమని అడిగినట్టు. సాయంత్రానికి విప్పేశాడు.

వాడు చెప్పింది నాకు అర్థం కాలేదని రాయబోయాను. అయింది. పాతికేళ్ళు మిషన్ల మధ్య బతికినదాన్ని. మోటారు మార్చి, వేళ్ళకు అడ్డుండే గార్డు రేకు మార్చకపోతే ఏ అమ్మాయి వేలు పోతుందో మేనేజర్ బల్ల మీద గుద్ది చెప్పినదాన్ని. నా గుమ్మం ముందుకు వచ్చేసరికి మేనేజర్నయ్యాను.

మూడు వారాల తర్వాత డిసెంబరు మధ్యాహ్నం హాలు నుంచి నన్ను తీసుకెళ్ళడానికి వస్తున్నాడు. అరవై దాటకూడని రోడ్డులో ఎనభై మీద ఉన్నాడని పోలీసులు అన్నారు. అది వాడి తప్పే. కొండ దిగువన టాక్సీ వ్యాను ఆగింది, పక్కన బస్టాపు నిండా జనం. వాడు తొక్కాడు. పెడలు నేలకు తగిలింది, కారు ఆగలేదు. జనం వైపు కాకుండా గోడ వైపు తిప్పాడు. తొక్కిన కాలే పోయింది.

ఆసుపత్రిలో పోలీసు అడిగాడు. "ఇంత ఇంజిన్‌కి ఈ బ్రేకులేంటి?" నేను మంచం పక్కనే ఉన్నాను. లుషెన్, "పెద్ద చక్రాలు నాకు నచ్చలేదు సార్, అందుకే వేయలేదు," అన్నాడు. నోరు తెరవడానికి నాకు ఒక్క క్షణం ఉంది. హాల్లో అయితే ఆ క్షణంలో పది వాక్యాలు చెప్పేదాన్ని. నీకు ఫోన్‌లో కూడా వాడు చెప్పిన మాటే చెప్పాను.

పోయిన మంగళవారం నీకు నిజం రాస్తానని వాడితో అన్నాను. వాడు రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసి, "వద్దమ్మా. నాన్నకు నా మీద కోపమైతే ఎప్పటికో పోతుంది. నీ మీదైతే పోదు. అప్పుడు ఇంటికి ఎవరికోసం వస్తాడు?" అన్నాడు.

ఇరవై మూడేళ్ళ వాడు మనిద్దరికోసం వేసిన ఎత్తు అది. ఒప్పో తప్పో నాతో వాదించలేను. నాతోనే వాదించలేని రోజు వస్తుందనుకోలేదు. ఒకటి మాత్రం చెప్తాను. వాడు కాలితో పాటు నిన్ను కూడా నా కోసం ఇచ్చేశాడు. కాలు నేను తెచ్చివ్వలేను.

ఆ పెద్ద చక్రాలు నీ బూడిదరంగు దుప్పటిలో చుట్టి పనిముట్ల పెట్టె వెనక ఉన్నాయి. బ్రేకులు కూడా అక్కడే. వచ్చినప్పుడు చూసుకో. ఈ ఉత్తరంలో ఉన్నదంతా పత్రికకూ రాసిచ్చాను, ఈ శుక్రవారం వస్తుంది. ఎడిటరు "ఇది అవసరమా కామ్రేడ్?" అని రెండుసార్లు అడిగాడు. నంబర్లు తెచ్చిచ్చిన వాళ్ళకు బాకీ ఉన్నానన్నాను. నా మీద కోపం తెచ్చుకో. సంతకం పెట్టేదీ మానేదీ నా మీది కోపంతో తేల్చుకో. వాడి మీద పెట్టకు.

ఇది నీకు చేరడానికి పదిహేడు రోజులు. ఆ మీద ఇంకో వారం నీకు వదిలి, జూన్ ఆరు ఆదివారం పొద్దున పదింటికి వాణ్ణి ఫోన్ పక్కన కూర్చోబెట్టి నేను డాలీ ఆంటీ ఇంటికి వెళ్ళిపోతాను. ఎవరు చేస్తారో వాడికి చెప్పను. మోగకపోతే వాడికి ఏమీ తెలియదు.

గోడ అవతల కూర్చున్న నాకు తెలుస్తుంది.

ఇట్లు,
లుషెన్ వాళ్ళమ్మ,
సలోచన