నల్ల మొలతాడు

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

మళ్ళీ కువైట్. మూడేళ్ళ తర్వాత.

పోయినసారి రెండేళ్ళు ఉన్నాను కానీ ఏమీ చూడలేదు. కరోనా. రూమ్, వ్యాన్, లాబ్. మనుషులంటే మాస్కులు, చాచిన చేతులు. ఎవరి నరం ఎలా ఉండేదో గుర్తుంది, ముఖం ఒక్కటీ గుర్తులేదు. ఈసారి కళ్ళు తెరిచి చూడాలని రాజంపేటలోనే ఈ నోట్‌బుక్ కొన్నాను. మా ఇంట్లో నోట్‌బుక్ అవసరమైన మొదటి మనిషిని నేనే. కొన్నప్పుడల్లా ఇంకా కొంచెం గర్వంగానే ఉంటుంది.

డ్యూటీ ఫర్వానియాలో, ఒక చిన్న ప్రైవేట్ క్లినిక్ లాబ్‌లో. రూమ్ అబ్బాసియాలో. రూమ్‌మేట్ పద్మశ్రీది అమలాపురం దగ్గర. మా క్లినిక్‌లోనే బిల్లింగ్. రాగానే నా మంచం కిటికీ వైపు జరిపాను. గంటకి మళ్ళీ గోడ వైపు జరిపాను. ఏంటే బాబూ, మంచాన్ని ఊరేగిస్తన్నావా అంది.

5 ఫిబ్రవరి, బుధవారం

గమనించినవి.

ఇక్కడ కిరాణా కొట్టుకి నడిచి వెళ్ళేవాళ్ళు తక్కువ. కారు ఆపి హారన్ కొడతారు. లోపలి మనిషి పరుగున వచ్చి పెరుగు డబ్బా అయినా అద్దంలోంచి అందిస్తాడు. రాజంపేటలో కొట్టు ముందు అలా హారన్ కొడితే వాళ్ళ తాతల దాకా తిడతారు.

లాబ్‌లో సూది కన్నా ముందు కుశలం. ఎలా ఉన్నావు, ఇల్లెలా ఉంది, అమ్మ ఎలా ఉంది. పెద్దావిడలైతే అన్నిటికీ జవాబు వినేదాకా చెయ్యి ఇవ్వరు. మా ఊరి లాబ్‌లో చెయ్యి ముందే చాచేసి, ఎంత రక్తం తీస్తావు మే, మళ్ళా ఊరుతాదా అని అడుగుతారు.

ఇవాళ ఒక తప్పు చేశాను. ఒకావిడ పాపను తెచ్చింది. కళ్ళు ఇంతేసి ఉన్నాయి. ఎంత బాగున్నాయో అని ఇంగ్లీషులో అన్నాను. ఆవిడ ముఖం బిగుసుకుపోయింది. పాప ముఖాన్ని తన నల్ల అబాయా మడతల్లోకి తిప్పేసుకుంది. తర్వాత రిసెప్షన్‌లో ఉండే షహర్‌బాను చెప్పింది. బాగుంది అన్న వెంటనే మాషల్లా అనాలట. అనకపోతే నీ కన్ను తగిలిందనుకుంటారట.

ఆలోచిస్తే మా ఊళ్ళోనూ ఇదే భయం. కాకపోతే మేం ఆ మనిషి వెళ్ళిపోయాక ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తాం. వీళ్ళు ఆ మనిషి నోటితోనే అప్పటికప్పుడు మాట అనిపిస్తారు. ఈ పద్ధతే నయం. ఘాటు లేదు, దగ్గు లేదు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

అమ్మ వచ్చింది. రెండు వారాలకొక శుక్రవారం సెలవు.

అర్దియాలో ఒకే ఇంట్లో పధ్నాలుగేళ్ళుగా పని. నేను ఏడో తరగతిలో ఉండగా వచ్చింది. నా ఇంటర్, నా డిగ్రీ, నా తెల్లకోటు అన్నీ ఆ వంటగదిలోంచే వచ్చాయి. జూన్‌లో పూర్తిగా ఇంటికి పోతానంటోంది.

నన్ను చూడగానే జబ్బ పట్టుకుని, ఏంది మే ఇట్లా ఎండిపోయినావు, మీ నాయన సంగటి చెయ్యడం మరిచిపోయినాడా అంది. కూర్చోకముందే, తెచ్చినావా అంది. ఊరి నుంచి తను అడిగింది ఒక్కటే, నల్ల మొలతాడు. ఎవరికని అడగకుండా కొన్నాను. ఆ ఇంటి పిల్లాడికట.

వాడి పేరు ఫహద్. ఐదు నెలలు. తల్లి హెస్సా ఆ ఇంటి కూతురు. అమ్మ పనిలో చేరినప్పుడు స్కూల్ బ్యాగు వేసుకుని తిరిగేది. ఇప్పుడు షర్క్‌లో ఆఫీసు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పిల్లాడు అమ్మ చేతుల్లోనే.

ఇంటికి చుట్టాలు వస్తానే ఉండారు మే, అందరి కండ్లూ వాని మిందనే అని చెప్పింది. పొద్దుగూకితే చాలు ఒకటే ఏడుపంట. మొన్న ఉప్పూ మిరక్కాయలు తిప్పేసినా, కండ్లు మూసి నిద్రబోయినాడు అంది. నేను భయపడింది చూసి, పొయ్యిలో ఎయ్యలేదులే, ఘాటొస్తాదని చెత్తలో పారేసినా అని నవ్వింది.

అది వాళ్ళ ఇల్లు, వాళ్ళ పద్ధతులు వేరు అన్నాను. వాళ్ళకూ మనకున్నెట్లే కండ్లు రెండే గదా అంది. సదువుకున్నోళ్ళకు దిష్టి తగలదా, చిన్నప్పుడు నీకు పరీక్షలప్పుడు ఎవురు తీసినారు అంది.

ఇచ్చేశాను.

18 ఫిబ్రవరి

రూమ్‌లో కూర్చోలేకపోతున్నాను. మెట్లు ఎక్కి దిగాను, నాలుగుసార్లు. కారణం లేదు.

26 ఫిబ్రవరి, బుధవారం

నేషనల్ డే సెలవులు. రోడ్డు మీద పిల్లలు కార్ల మీద నీళ్ళు చిమ్ముతున్నారు. పద్మశ్రీ తడిసి వచ్చింది. ఎవర్నీ తిట్టలేకపోయానే, అందరూ నవ్వుతున్నారు అని వాపోయింది.

అమ్మ ఫోన్. ఇంటినిండా జనమట. నిన్న కట్టేసినా, డైపర్ కింద ఎవురికీ కనపడదు, రేత్రీ పగలూ మార్చేది నేనే, జారకుండా మూడు ముడులేసినా అంది. గొంతులో చాలా సంతోషం. పెట్టేశాక, విప్పెయ్యమని చెప్పాల్సింది అనుకున్నాను. మళ్ళీ చేయలేదు.

2 మార్చి, ఆదివారం

రంజాన్ రెండో రోజు. పగలు ఎవరి ముందూ నీళ్ళు తాగకూడదు. మధ్యాహ్నం గొంతు ఎండిపోయి బాత్రూమ్‌లోకి బాటిల్ పట్టుకెళ్తుంటే షహర్‌బాను ఆపింది. అక్కడా తాగేది అని కసిరి రికార్డుల గదిలోకి తోసింది. తను తలుపు బయట నిలబడింది. తను ఉపవాసంలో ఉంది. ఇలాంటివి పోయినసారి నాకెందుకు కనిపించలేదు?

9 మార్చి, మధ్యాహ్నం 3:20

అమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే హెస్సా. మీ అమ్మ నా కొడుకు మీద మ్యాజిక్ చేసింది, ఇవాళే రా అంది ఇంగ్లీషులో. ఏడుస్తోంది.

రంజాన్ కాబట్టి ఆఫీసు తొందరగా వదిలారు. పిల్లాడికి తనే స్నానం చేయించింది. డైపర్ విప్పితే మొలతాడు కనిపించింది.

షహర్‌బానుకి చెప్పాను. ముడులు అనగానే తన ముఖం పాలిపోయింది. ఎవరినైనా నాశనం చేయాలంటే దారానికి ముడులేసి ఊదుతారని ఇక్కడ నమ్మకం. పోలీసుల దాకా వెళ్తే కేసు, జైలు. మీ అమ్మ వేరే ఏ తప్పు చేసినా ఇంత కష్టం కాదు అంది.

మా పిల్లలకి కీడు తగలకూడదని కట్టేదే వాళ్ళకి కీడు. కొన్నది నేను. తెచ్చింది నేను.

పద్మశ్రీ నా చేతిలోంచి ట్యూబులు లాక్కుంది. అలా గుంజలా నిలబడితే ఎలాగే, ఎల్లు, డ్యూటీ సంగతి నేను సూసుకుంటాను అంది.

10 మార్చి, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

ఐదున్నరకి చేరాను. అమ్మ గదిలో పరుపు తిరగేసి ఉంది. హాల్లో టేబుల్ మీద మొలతాడు, మిరపకాయల పొట్లం, ఫహద్ ఫోటో పెట్టారు. ఫోటో నుదుటి మీద కుంకుమ. అమ్మ దాన్ని దేవుడి పటాల మధ్య పెట్టుకుంది. నా ఫోటో కూడా అక్కడే ఉండేది, బొట్టుతో. దాన్నెవరూ టేబుల్ మీదికి తేలేదు. హెస్సా ఆ ఎరుపుని చూసినప్పుడల్లా వణుకుతోంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఏమీ తెలియకుండా చూస్తే నేనూ వణికేదాన్ని.

ఇంటి పెద్దావిడ, హెస్సా తల్లి, అమ్మ మామా అని పిలిచే ఆవిడ, అజాన్ అయ్యాక మాట్లాడదాం అంది. నా ముందు ఖర్జూరాలు, నీళ్ళు పెట్టింది. భోజనం హోటల్ నుంచి వచ్చింది. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి. అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఆ అట్టపెట్టెలనే చూస్తోంది. అమ్మను పోలీసులకిస్తామంటున్న మనుషులు నా ప్లేటు ఖాళీ కానివ్వలేదు. మామా రెండుసార్లు తన చేత్తో మాంసం విడదీసి నా వైపు వేసింది. మా ఊళ్ళో పగ పుట్టిన ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టవు. ఇది మర్యాదో, ఇంకా భయపడాల్సిన విషయమో నాకు తెలియలేదు. తిన్నాను.

తర్వాత హెస్సా భర్త మాట్లాడాడు. అరవలేదు. రెండే దారులు అన్నాడు. పోలీస్ స్టేషన్, లేకపోతే కాగితం. ఏం చేసిందో, ఎందుకు చేసిందో ఆ కాగితంలో ఉండాలి, కింద వేలిముద్ర ఉండాలి. రేపు పిల్లాడికేమైనా అయితే తన చేతిలో ఒక ఆధారం కావాలి. కాగితం ఇస్తే టికెట్ కొని పంపేస్తాం, ఖలాస్. చదువుకున్నదానివి, ఇంగ్లీషులో నువ్వే రాయి అన్నాడు.

రాశాను. మా అమ్మ చదువులేని పల్లెటూరి మనిషి. అజ్ఞానంతో, ఏమీ తెలియక చేసింది. కీడు తలపెట్టలేదు. చేతిరాత చక్కగా వచ్చింది. అది కూడా గమనించాను.

ఏం రాసినావో చెప్పు అంది అమ్మ. తెలుగులో చెప్పాను. అజ్ఞానం దగ్గర ఆపింది.

అది తీసెయ్ మే అంది. తెలీక చేసింది యాడ, తెలిసే చేసినా. బిడ్డకు దిష్టి తగిల్తే తీసినా, నీకు తీసినట్టే తీసినా. అట్ల రాస్తే యేలు ఏస్తా, లేకపోతే ఎయ్యను అంది.

తెలిసే చేశానంటే జైలమ్మా అని గొంతు తగ్గించి చెప్పాను. జైల్లో ఉండేదీ మనుషులే గదా అంది. హెస్సా భర్త గడియారం చూసుకున్నాడు.

ఇంకో కాగితం అడిగాను. మళ్ళీ రాశాను. అవే వాక్యాలు. ఒక్క అక్షరం మార్చలేదు. రాసి, అమ్మకి చదివి వినిపించాను. బిడ్డకు దిష్టి తగిలిందని, తెలిసే, నా కూతురికి చేసినట్టే చేశాను అని. నిజంగా ఆ మాటలే అక్కడ ఉన్నట్టు కాగితం మీద వేలు కదుపుతూ చదివాను. అమ్మ నా వేలినే చూసింది. ఇప్పుడు సరిగ్గా ఉండాది అంది.

హెస్సా ఇంకు తెచ్చింది. అప్పుడు మామా అడిగింది, అందులో ఏముందో నాకూ చెప్పండి అని. హెస్సా కాగితం తీసుకుని ఒక్కో వాక్యం అరబ్బీలో చెప్పసాగింది.

నేను మర్చిపోయాను. అమ్మకి చదవడం రాదు. అరబ్బీ వచ్చు. పధ్నాలుగేళ్ళుగా నాతో కన్నా ఆ భాషలోనే ఎక్కువ మాట్లాడింది.

జాహిలా అంది హెస్సా. ఏమీ తెలియనిది. ఆ మాట నాకు కూడా తెలుసు.

మామా అమ్మ వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. అమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. ఎవరైనా కొత్త మనిషి ఇంటికొస్తే చూస్తాం కదా, అలా. ఐవా మామా, అవును అంది. బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టింది.

తర్వాత మామా ఖురాన్ చదువుతుంటే ముడులు అమ్మ చేతే విప్పించారు. నానిన తాడు, గట్టిగా బిగుసుకుపోయింది. అమ్మకి దగ్గరి చూపు ఆనదు. ఇలా ఇవ్వమ్మా అని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. మూడూ తనే విప్పింది.

11 మార్చి

పదకొండు మందికి రక్తం తీశాను. ఇద్దరికి రెండోసారి పొడవాల్సి వచ్చింది. నాకెప్పుడూ అలా జరగదు.

13 మార్చి, గురువారం

టికెట్ ఆదివారానికి. అప్పటిదాకా అమ్మ అక్కడే ఉంది. వంట చెయ్యనివ్వడం లేదు. పిల్లాడు పై అంతస్తులో. ఏడుపు మాత్రం వినపడుతుందట.

నువ్వు చేసింది రైటేనే, మీ అమ్మ బయటుంది కదా, ఇంకేం కావాలి అంది పద్మశ్రీ. రైటే. అందుకే ఈ రోజు మంచం మళ్ళీ జరిపానా? ఆ అబద్ధం చెప్పకుండా ఉండటానికి దారి ఉందేమోనని వెతుకుతున్నాను. లేదు. ఎన్నిసార్లు వెతికినా లేదు. అయినా వెతుకుతున్నాను.

16 మార్చి, ఆదివారం, ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చాక

హెస్సా తనే కారులో దింపింది. కారు దిగలేదు. అమ్మ సంచులు దింపుకునేదాకా ముఖం స్టీరింగ్ వైపే పెట్టుకుని, వెళ్ళిపోయింది.

అమ్మ అన్నీ మాట్లాడింది. ఏసీ కింద పడుకోవద్దంది. పద్మశ్రీ మంచి పిల్ల అంది. నాయనకి మోకాలు ఎట్లుందో చూడాలంది. అమ్మా, ఆ కాగితం అన్నాను. యల్లా, లైను కదుల్తాండాది అంది.

బోర్డింగ్ పాస్ పట్టుకుని, గేటు నంబరు ఎంతో చదవమని వెనకున్న మనిషిని అడిగింది.

నేను పక్కనే ఉన్నాను.

30 మార్చి, ఆదివారం

ఈద్. ఉగాది కూడా ఈ రోజే.

ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. నాలుగు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. అంతా అరబ్బీలో. సగం కూడా అర్థం కాలేదు. ఏమంటున్నావమ్మా, నాకు తెలియడం లేదు అన్నాను.

సదువుకున్నదానివి గదా, నీకు నచ్చినట్టు రాసుకో మే అంది.