క్షౌరశాలలో తీసిన ఫొటో

అమ్మాయీ, నేను కులాసా. మీ అమ్మను బెంగపడవద్దని చెప్పు.

బయటివాళ్లను గడప తొక్కనివ్వని ఈ దేశం గురించి నేను చదవని పుస్తకం లేదు. అయినా నా కెమెరాకు దక్కినవి విగ్రహాలే. రేషన్ గురించి ఒక్క ప్రశ్న అడిగినందుకు గైడు నన్ను నీడలా వెంటాడుతున్నాడు. సినిమా పేజీ తప్ప పేపరు తిరగేయని మీ బాబాయి మాత్రం, గడ్డం గీయించుకుంటానని సైగ చేసి నిన్న ఓ క్షౌరశాలలో దూరాడు. కొట్టువాడి భార్యాపిల్లలు, ఇరుగుపొరుగు వరసకట్టి అతని కెమెరా ముందు నిలబడ్డారు. మా గైడు కూడా జుట్టు సవరించుకుని నిలబడ్డాడు. "రండన్నయ్యా, ఇది మీ పుస్తకాల్లో ఉండదు" అంటూ మీ బాబాయి నన్నూ కుర్చీలో కూలేశాడు. మీ తాతగారింట్లోనూ పెద్దల్లుణ్ణి నేను, మర్యాదలు అతనికి.

వంటింటి కుళాయి బాగుచేయించారా? పుస్తకాల బీరువాలో కలరా ఉండలు వేయి.

మీ బాబాయి నాకంటే ముందే ఇల్లు చేరి ఫొటోలు ఊరంతా తిప్పుతాడు. నేను వచ్చేదాకా మనవాళ్లెవరూ చూడటానికి వెళ్లవద్దు. నువ్వొక్కదానివే వెళ్లు. వాటిలో ముఖం నిండా సబ్బు నురగతో నేను నవ్వుతున్నది ఒకటుంటుంది. అది నీకు కావాలని అడిగి తీసుకో. నేను అడిగానని అనకు.

పిల్లలకు ముద్దులు, మీ అందరికీ దీవెనలు.

నాన్న